ఆయాసానికి ఏ ఇన్‌హేలర్ మంచిది?



ఇంట్లో అత్తగారికో మామగారికో ఏళ్ల తరబడి దగ్గు, కఫం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. "పెద్దతనం కదా" అని సరిపెట్టుకుంటాం. చాలాసార్లు అది పెద్దతనం కాదమ్మా, ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే జబ్బు. డాక్టర్లు దాన్ని సి.ఓ.పి.డి. అంటారు. చుట్ట, బీడీ, సిగరెట్టు దీనికి ముఖ్య కారణాలు. జన్మలో పొగ తాగకపోయినా, కట్టెల పొయ్యి ముందు, పిడకల పొగలో ఏళ్లు గడిపిన స్త్రీలకూ వస్తుంది.

పాడైన ఊపిరితిత్తిని ఏ మందూ మళ్లీ కొత్తది చేయలేదు. కాని ఇన్‌హేలర్ ఆయాసాన్ని తగ్గిస్తుంది, జబ్బు ఉన్నట్టుండి ముదరకుండా చూస్తుంది. మరి ఇన్ని రకాల్లో ఏది మేలు?

ఇంగ్లండులో మాంచెస్టరు పక్కనున్న సాల్ఫర్డులో దీన్ని పరీక్షించారు. మామూలుగా ఇలాంటి పరీక్షలకు వేరే జబ్బులు లేనివారిని ఏరి తీసుకుంటారు. అక్కడ అలా కాక, 75 కుటుంబ వైద్యశాలలకు వచ్చే 2,799 మంది మామూలు రోగులనే తీసుకున్నారు. కొందరికి రోజుకొక్కసారి పీల్చే ఫ్లూటికసోన్, విలాంటెరాల్ కలిసిన పొడి ఇచ్చారు. తక్కినవారు తమ డాక్టరు రాసే మందులే వాడారు. ఏడాది గమనించి, 2016లో ఫలితం ప్రకటించారు. పాత పద్ధతిలో 100 సార్లు జబ్బు ముదిరితే, కొత్తదానితో సుమారు 92 సార్లు. మేలు ఉంది గాని, మహాద్భుతం కాదు. ఖర్చు పెట్టింది ఆ మందు కంపెనీయే అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

కాబట్టి పొరుగింటావిడకు పనిచేసిందని మందు మార్చేయకండి. ఉన్న మందు సరిగా లోపలికి వెళుతోందా అన్నది ముందు చూడండి. నొక్కే పంపు అయితే బాగా కుదిపి, ఊపిరి వదిలి, నొక్కుతూనే నెమ్మదిగా లోతుగా పీల్చి, 10 సెకన్లు బిగబట్టాలి. ఆ లంకె కుదరని పెద్దవాళ్లకు స్పేసరు అనే గొట్టం ఉంది, డాక్టరునడగండి. పొడి రకాన్ని మాత్రం గట్టిగా, వేగంగా పీల్చాలి. స్టెరాయిడ్ ఉన్న మందైతే పీల్చాక నీళ్లు పుక్కిలించి ఉమ్మాలి, లేకపోతే నోరు పూస్తుంది. రోజూ వాడమన్నదాన్ని ఆయాసం లేదని మానకూడదు. అలవాటైపోతుందన్న భయం వద్దు, అది వ్యసనం కాదు.

అన్నిటికంటే ముందు, ఇంట్లో పొగ తాగడం మాన్పించండి. ఇవాళే మీ పెద్దవారిని మీ ఎదుట ఒకసారి ఇన్‌హేలర్ పీల్చమనండి. తేడా కనిపిస్తే, ఈసారి డాక్టరు దగ్గరికి దాన్ని కూడా వెంట తీసుకువెళ్లండి.