బెలుము రాతినేలలో బ్రదుకుదెరువు

(కొలిమిగుండ్లలో జరిగిన యువజనుల సభయందు ఒక న్యాయవాది చేసిన యుపన్యాసము)



పరదేశము పోవుట మేలా, ఉన్నయూరనే యుండుట మేలా? ఈ ప్రశ్నపై నాలుగు మాటలు చెప్పుమని మీరు నన్ను పిలిచితిరి. నేను ఆర్థికశాస్త్ర పండితుడను గాను. న్యాయస్థానమున పని చేయువాడను; తీరిక దొరకినపుడు సేవకుల జట్టుతో ఈ గ్రామములు తిరుగువాడను. అందుచేత సిద్ధాంతముల జోలికి పోక, పద్దులను గూర్చియు చట్టములను గూర్చియు మాత్రమే ముచ్చటించెదను. పొమ్మని గాని, ఉండుమని గాని నేను చెప్పబోను. ఆ నిర్ణయము మీ యింటివారిది.

మనము కూర్చున్న నేలక్రింద నున్నది సున్నపురాయి. అనాదిగా నీరు దానిని కరగించి తొలుచుటచే బెలుము గుహ లేర్పడినవి. 1884లో రాబర్టు బ్రూసు ఫుట్టు అను భూగర్భశాస్త్రజ్ఞుడు వీనిని గూర్చి వ్రాసెను. 1982, 1983 సంవత్సరములలో డేనియలు గెబౌరు అను జర్మనుడు తన బృందముతో లోపలికి దిగి కొలిచెను. గుహల పొడవు 3,229 మీటర్లు. 2002లో పర్యాటకాభివృద్ధి సంస్థవారు దీపములమర్చి జనులకు తెరచిరి. అంతకు ముందు చాలకాలము మనవారే ఆ బిలములలో చెత్త పారవేయుచుండిరి! నేడు దూరప్రాంతములవారు టిక్కెట్టు కొని చూచిపోవుచున్నారు. సంతోషమే. కాని యీ గుహ యెన్ని సంసారములను పోషింపగలదు? దారి చూపువారు, టిక్కెట్లిచ్చువారు, వాకిట సోడాలమ్మువారు, ఆటోలు నడుపువారు. సెలవులలో వీరికి తీరిక యుండదు. తక్కిన దినములలో పని యుండదు. గుహను నమ్మి మండలమంతయు బ్రదుకజాలదు.

అదే రాతిని పలకలుగా తీసినచో నాపబండ. కొలిమిగుండ్ల, బేతంచెర్ల, అటు తాడిపత్రి, ఈ మూడు చోట్ల బండలు తెలుగునాట ఎన్ని యిండ్లలో పరచియున్నవో లెక్కింప శక్యము గాదు. మన తండ్రుల కాలమున గని పని కష్టమైనను నిలుకడగల పని. పిమ్మట గుజరాతునుండి నున్నని టైల్సు వచ్చినవి. పట్టణమువాడు బండను మఱచెను. నేడు మీరు చెప్పు బాధ కూలి తక్కువ యని కాదు, పని దినములు తక్కువ యని. వాన కురిసిన గనిలో నీరు. బేరము లేకున్న పాలిషు యంత్రము నిలిచిపోవును. రోజుకూలి చూచి మురిసి ప్రయోజనమేమి? నెలలో అది ఎన్ని రోజులు దొరకునన్నదే ముఖ్యము.

ఇక సిమెంటు. కలవటాలయొద్ద పెద్ద కర్మాగారము 2022లో ప్రారంభమైనది. సిమెంటు పరిశ్రమ స్వభావము నెఱుగనివారు దానిపై మితిమీరిన యాశలు పెట్టుకొనుచున్నారు. సున్నపురాతిని పొడిచేసి 1,450 డిగ్రీల వేడిలో కాల్చు కొలిమి అది. కోట్ల ధనమును మ్రింగును గాని చేతులను కొద్దిగానే అడుగును. యంత్రముల యొద్ద కూర్చుండువారికి ఐ.టి.ఐ., డిప్లొమా, ఇంజనీరింగు చదువులు కావలెను. ఎత్తుట, దింపుట, ఊడ్చుట వంటి పనులు ఇట్టి పరిశ్రమలలో తఱచుగా కాంట్రాక్టరుల చేతిలోనికి పోవును. పరిశ్రమలలో నూటికి 75 ఉద్యోగములు స్థానికులకే యని 2019లో మన శాసనసభ చట్టము చేసినది. దానిని నమ్మి ఊరక కూర్చుండవలదని నా సలహా. అట్టిదే యైన హర్యానా చట్టమును 2023 నవంబరులో అచ్చటి హైకోర్టు రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది. చదువు చేతిలో నున్నవానికి చట్టము లేకున్నను పని దొరకును. చదువు లేనివానికి చట్టమిచ్చునది ఊడ్పుపనియే.

ఆళ్లగడ్డను చూడుడు. అచ్చటివారును రాతినే నమ్ముకొన్నవారు. కాని వారి చేతిలో రాయి దేవుడగును, దేశదేశములకు పోవును. భౌగోళిక గుర్తింపును పొందిన పని అది. రాతిలోనుండి ఎక్కువ కూలిని తీయునది చేతిలోని విద్య. ఒక్కటి మాత్రము సత్యము: శిల్పవిద్య ఒక యేటిలో వచ్చునది కాదు, అందఱికిని వచ్చునదియు కాదు.

1928లో నంద్యాలలో జరిగిన సభలోనే యీ దత్తమండలములకు రాయలసీమ యని పేరు పెట్టిరి. పేరు మారినది గాని వానలు మారలేదు. నంద్యాల దిక్కున కె.సి. కాలువ క్రింద వరి పండును; ఇటు మెట్టయే యెక్కువ. కనుకనే మన యువకులు బెంగుళూరు, హైదరాబాదు బండ్లెక్కుచున్నారు.

ఒక లెక్క వేయుదము. అంకెలు నేను ఊహించినవి. మీ అంకెలు మీరు పెట్టుకొనుడు. బెంగుళూరిలో కావలికాయు పనికి గాని, గోదాములో సరకు సర్దు పనికి గాని నెలకు 20,000 రూపాయలనుకొందము. భవిష్యనిధి మొదలగునవి పోగా 18,500 చేతికి వచ్చును. భార్యాబిడ్డలతో కాపురము పెట్టినచో, ఒంటిగదికి 8,000, నీటికి దీపములకు 1,000, తిండికి 8,000, బస్సులకు 1,000. మిగిలినది 500. ఇంతటితో కాలేదు. ఇంటి యజమాని అడ్వాన్సు అడుగును. ఆ నగరమున ఆరేసి, పదేసి నెలల అద్దెను ముందుగా పుచ్చుకొను ఆచారము కలదని మీలో పోయివచ్చినవారెఱుగుదురు. పదినెలల అద్దె 80,000. ఎచ్చటినుండి తెచ్చెదరు? ఊరిలో నూటికి రెండు రూపాయల వడ్డీకి. నెలకు వడ్డీ 1,600. అనగా జీతగాడు నెలనెలకును 1,100 అప్పుపడుచు నగరమున గొప్పగా కాపురము చేయుచున్నాడు. పిల్లల బడి ఫీజు, జ్వరము, పండుగ ఇందులో లేవు.

అందుచేత కాపురమును ఊర విడిచిపోవుచున్నారు. నలుగురు కలిసి ఒక గదిలో నున్నచో మనిషికి అద్దె 2,500, మెస్సులో తిండి 5,000, బస్సులకు ఫోనుకు 1,500. ఇంటికి 9,500 పంపవచ్చును. ఇక్కడ నున్నచో? రోజుకూలి 500, నెలకు 22 దినముల పని యనుకొన్న 11,000. సొంత యిల్లు, చౌకబియ్యము, భార్యాబిడ్డల సహవాసము. ఆ 11,000లో అతని తిండియు కలదు గాని, ఇంటితిండి మెస్సుతిండి యంత కాదు. అప్పుడు నగరపు 20,000 కంటె ఊరి 11,000 తక్కువ కాదు. కాని పని 12 దినములే దొరకినచో 6,000! అప్పుడు బండి యెక్కక తప్పదు. ఆ పదిదినముల తేడాయే మన యూళ్లను ఖాళీ చేయుచున్నది. అతడు పోయిన పిమ్మట పొలము, పశువులు, ముసలివారు, పిల్లల చదువు, అన్నియు ఆమె తలపై పడును. ఆ చాకిరికి ఏ పద్దులోను అంకె లేదు.

ఉపాధి హామీ పథకము క్రింద మన రాష్ట్రమున 2025-26 సంవత్సరమునకు నిర్ణయించిన దినకూలి 307 రూపాయలు. కేంద్రప్రభుత్వము 2017లో దేశమంతటికి ప్రకటించిన అట్టడుగు కూలి 176 రూపాయలు. ఏ పూటకు ఏ కూర వండుకొని యీ అంకెను నిర్ణయించిరో నాకు బోధపడదు.

చట్టమేమనుచున్నది? 1931లో కరాచీ కాంగ్రెసు పారిశ్రామిక కార్మికులకు జీవనవేతనము కావలెనని తీర్మానించినది. 1935లో చరఖాసంఘము నూలు వడుకువారి కూలిని పెంచదలచినపుడు, ఖద్దరు వెల పెరుగును, అమ్ముడుపోదని చాలమంది భయపడిరి. గాంధిమహాత్ముడు వెనుకాడలేదు, వడుకువాని కడుపు మాడ్చిన ఖద్దరు ఆయనకు అక్కరలేకపోయెను. రాజ్యాంగములోని 43వ అధికరణము జీవనవేతనమును రాజ్యము లక్ష్యముగా నిలిపినది. 1948లో నియమింపబడిన న్యాయవేతన సంఘము కనీసవేతనము, న్యాయవేతనము, జీవనవేతనము అను మూడు మెట్లను వేఱుపఱచినది. 1957లో ఢిల్లీలో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ క్రిందిమెట్టునకు కొలత నిచ్చినది: సంపాదించువానితో కలిపి మూడు భాగముల కుటుంబము, భాగమునకు దినమునకు 2,700 కేలరీల తిండి, కుటుంబమునకు ఏడాదికి 72 గజముల బట్ట, ఇంటి అద్దె, వంటచెఱకు మొదలగువానికి నూటికి 20. 1991లో రెప్టకాస్ బ్రెట్ కార్మికుల వ్యాజ్యమున సుప్రీముకోర్టు పిల్లల చదువు, వైద్యము, పండుగలు, ముసలితనము, పెండ్లిండ్లు అను వానికి మఱి 25 పాళ్లు చేర్చవలెననినది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల పనివారి వ్యాజ్యమున, కనీసవేతనమునకు తక్కువ ఇచ్చి పని చేయించుట నిర్బంధశ్రమయే యనినది.

ఇన్ని మంచి మాటలు కలవు. లొసుగు ఎచ్చట? అద్దెలో. 2020లో కేంద్రము ప్రకటించిన ముసాయిదా నియమములలో ఇంటి అద్దెను తిండిబట్టల ఖర్చులో పదవవంతుగా లెక్కకట్టిరి. ఇందాకటి మన పద్దు చూడుడు. తిండి 8,000, దానికి బట్టలు కొంత కలిపినను, అద్దె 900 కావలెను! ఆ నగరమున 900 రూపాయలకు గది చూపినవానికి నేను నమస్కరింతును. మహానగరమునకు వేఱు కూలి యుండవచ్చునని ఆ నియమములే యనుచున్నవి. నగరమును బట్టి కూలి మారుననునపుడు అద్దె పాలు మాత్రము ఏల మారరాదు? కార్మికసంఘములు పట్టుకొని అడుగవలసిన అంకె ఇదియే.

కూలిచట్టము 2019లో తయారై, 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. పాత కాలమున ఆరునెలలలో వేయవలసిన కూలి వ్యాజ్యమును ఇప్పుడు మూడేండ్లలో వేయవచ్చును. తక్కువ ఇచ్చిన కూలికి పదిరెట్లవరకు పరిహారము విధింపవచ్చును. అధికవేళకు రెట్టింపు కూలి. పని మానినపుడు రెండు పనిదినములలో బాకీ చెల్లింపవలెను. స్త్రీకి పురుషునికి ఒకే పనికి ఒకే కూలి. ఇది 1976 నుండియు కలదు, అయినను బండలు మోయు ఆడకూతురికి తక్కువ ఇచ్చుట మీ కనులయెదుటనే జరుగుచున్నది. ఒక్క నష్టము కూడ చెప్పవలెను. 1979నాటి చట్టము క్రింద, పరరాష్ట్రమునకు కాంట్రాక్టరు తీసికొనిపోయిన పనివానికి నెలజీతములో సగము స్థానభ్రంశపు భత్యముగా రావలసియుండెను. క్రొత్త స్మృతిలో అది లేదు. ప్రయాణపు భత్యము మాత్రమే మిగిలినది.

జీతమిచ్చితినని ఋజువు చేయు భారము యజమానిదే. కాని నీవు అచ్చట పని చేసితివని నీవే చూపవలెను. నా కక్షిదారుడొకడు ఏడునెలలు నగరమున కావలి కాచి, రెండునెలల జీతము రాక తిరిగివచ్చెను. ఎవరి కొలువని యడిగితిని. చొక్కామీద కుట్టిన పేరు తప్ప మఱేమియు తెలియదనెను. ఆ చొక్కాను వచ్చునపుడు తీసికొనిరట! తుదకు, అది తొడుగుకొని తల్లికి పంపిన ఛాయాచిత్రము ఫోనులో దొరకినది. అదియే మాకు సాక్ష్యము. రెండునెలలకు గాను ఒకనెల రాబట్టితిమి. వాయిదాలకు పోయివచ్చిన ఖర్చు అందులోనే పోయినది.

కనుక పోవువారు నియామకపు కాగితము, నెలనెల జీతపుచీటి అడిగి పుచ్చుకొనుడు. చీటి యిచ్చుట యజమానికి విధి. ఇయ్యకున్నచో గేటుపాసు, హాజరు పట్టీ, మేస్త్రీ పంపిన సందేశములు, బ్యాంకులో పడిన సొమ్ము, వీని నకళ్లు ఇంటికి పంపి భద్రపఱపుడు. బండి యెక్కకముందే మొత్తము జీతము కాక చేతికి వచ్చునదెంతయో, అడ్వాన్సు ఎంతయో వ్రాసికొనుడు. ఉండువారు, ఏ గనిలో ఏ నెల ఎన్ని దినములు పని దొరకెనో పుస్తకమున గుర్తుపెట్టుకొనుడు. ఏడాది పుస్తకములు ఇరువది చేతికి వచ్చినచో, గని యజమానులతోను కార్మికశాఖతోను మాటలాడుటకు నాయొద్ద సరకుండును. ఉత్త నోటిమాటతో పోయిన, మంచినీరిచ్చి పంపెదరు.

వచ్చు ఆదివారము ఉదయము తొమ్మిదిగంటలనుండి నేనును, మఱి యిద్దఱు సేవకులును ఈ బడివరండాలోనే కూర్చుండెదము. జీతము బాకీ యున్నవారు కాగితములతో రండు. కాగితములు లేనివారు ఫోనులు తెండు. పరదేశమున నున్నవారి తరఫున వారి తల్లులైనను, భార్యలైనను రావచ్చును. రుసుము లేదు.