మెట్టసీమకు తగిన పడవ – పుట్టి



మడకశిరలో పడవను గురించి ఉపన్యాసమా అని మీలో కొందరు నవ్వుకుంటూ ఉండవచ్చు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కోసం ఆకాశం వైపు చూసే ప్రాంతం మనది. అయినా ఇంటివద్ద చేతులతో తయారుచేసుకోగల పడవ ఒకటి మనకు చక్కగా సరిపోతుంది. అదే పుట్టి. మన పొరుగు కన్నడంవారు దీన్ని హరిగోలు అంటారు.

చెక్క పడవ ఎందుకు వద్దంటారా? గోదావరి డెల్టాలో తాళ్ళరేవు ప్రాంతపు వడ్రంగులు చక్కని చెక్క పడవలు కడతారు. అక్కడ నీటికి కొదవ లేదు. నానిన పలకలు ఉబ్బి అతుకులు బిగుస్తాయి. మన చెరువులు వేసవికి ముందే ఎండుతాయి. ఎండకు పలకలు కుంచించుకుపోయి సందులు విడతాయి. మళ్ళీ నీళ్ళు వచ్చేనాటికి ఆ పడవ జల్లెడే! పుట్టినయితే నీడన బోర్లించి ఉంచవచ్చు. తారు రాలినచోట మరో పూత పూస్తే సరి.

ఇది నిన్న మొన్నటి విద్య కాదు. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఈ బుట్టల్లాంటి పడవలను చూసి రాశాడు. బయట తోలు కప్పిన వాటిలో పదిహేను, ఇరవైమంది దాటేవారట.

ఇద్దరికి ఆరడుగుల వ్యాసం చాలు. వెదురును బద్దలుగా చీల్చి, తడిపి, నేలమీద అడ్డంగా నిలువుగా అల్లాలి. నడుమ బండరాళ్ళు బరువుపెట్టి, అంచులను పైకి వంచి, చుట్టూ గట్టి కట్టు కట్టాలి. పూర్వం తోలు కుట్టేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా తొడిగి తారు పూస్తున్నారు. తెడ్డును ముందుకు చాచి నీటిని తనవైపు లాగాలి. ఒకే పక్క వేస్తే పుట్టి గిర్రున తిరుగుతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఏళ్ళ తరబడి ఎండిన చెరువు ఒక్కసారిగా నిండితే, ఈత రాని పిల్లలు ఉత్సాహంగా దిగుతారు. ప్రమాదం జరిగితే గట్టున ఉన్నవారికి అరవడం తప్ప దారి ఉండదు. 2021 నవంబరులో, అప్పటి ఉమ్మడి అనంతపురం జిల్లాలో, చిత్రావతి వరదలో చిక్కుకున్నవారిని వాయుసేన హెలికాప్టరు వచ్చి కాపాడింది. అంతటి ఉరవడిలో పుట్టి పనికిరాదు, ఎవరూ సాహసించరాదు. నిలకడ నీటిలో మాత్రం గట్టున బోర్లించి ఉన్న పుట్టి ఒక ప్రాణం నిలబెట్టవచ్చు.

గంపలల్లే మేదర సోదరులు మన ప్రాంతంలో ఉన్నారు. తగిన కూలి ఇచ్చి వారిలో ఒక పెద్దను గురువుగా పిలుచుకుందాం. మనకు తీరిక ఉంది, మనవలకు వేసవి సెలవులు ఉన్నాయి. తయారైన పుట్టిని మొదట మోకాటిలోతు నీటిలో పరీక్షించండి. లైఫ్ జాకెట్టు లేకుండా ఎవరినీ ఎక్కించకండి.

చెరువు నిండాక పడవ అల్లుకునే వ్యవధి ఉండదు. నీళ్ళు లేని కాలమే అందుకు అనువైన కాలం.