వానలు వెలిశాక సఫారీ



సోషల్ మాస్టారు బోర్డు మీద ‘సవన్నా’ అని రాసి, ఆ గడ్డిలో సింహం పక్కనే ఉన్నా కనపడదర్రా అన్నారు. మనం నవ్వాం. రెండేళ్ల కిందట జూన్ మొదటి వారంలో కెన్యాలోని మసాయి మారాలో ఆ గడ్డి చూశాను.

అక్కడ పెద్ద వానలు మార్చి నుంచి మే వరకు. అవి వెలిశాక నేలంతా పచ్చగా ఉంటుంది, దుమ్ము ఉండదు. జూలై, ఆగస్టులంత రద్దీ ఉండదు. సరే కదా అని రెండు రాత్రులకు బుక్ చేశాను. నీళ్లు అన్నిచోట్లా ఉంటే జంతువులు ఒకచోట చేరవన్నది లెక్క వేసుకోలేదు. పైగా అక్కడ చాలాచోట్ల మన నల్లరేగడే. సివిల్ ఇంజనీరునై ఉండీ, జీపు దిగబడ్డాక గానీ ఆ సంగతి గుర్తు రాలేదు! సింహాన్ని చూడకుండానే తిరిగొచ్చాం. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

మీరు వెళితే నాలుగు రాత్రులైనా పెట్టుకోండి. ఫోర్ బై ఫోర్ బండే అడగండి. ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందు వేయించుకుని సర్టిఫికెట్ దగ్గరుంచుకోండి. లేకుంటే తిరిగొచ్చాక మన విమానాశ్రయంలోనే ఆపుతారు. మలేరియా మాత్రల సంగతి డాక్టరుగారిని అడగండి.

ఈ ప్రయాణం మొదట అనుకున్నది నేనూ, నా బెంచీ మిత్రుడూ. పిల్లల చదువులయ్యాక అన్నాం, రిటైరయ్యాక అన్నాం. ఇప్పుడు వాడు లేడు. అదను చూసుకోండి, అన్నీ కుదిరేదాకా మాత్రం ఆగకండి.

సెలవు.