చెడిన పని, చెడని మనస్సు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



తెలుగు పల్లెలలో పూర్వమొక ఆచారముండెడిది. కార్తెలు దాటిపోవుచున్నను వాన కురియక, నారుమళ్లు నెఱ్ఱెలు వాఱినప్పుడు ఊరివారు రామమందిరమునందో, రచ్చబండ వద్దనో కూడి, చదువుకొన్న వానిచేత విరాటపర్వము చదివించెడివారు. అట్లు చదివించిన వర్షము పడునని వారి విశ్వాసము. ధర్మరాజు వసించు దేశమున వానలు సకాలమున కురియునని భీష్ముడు ఆ పర్వమునందే చెప్పియున్నాడు గనుక ఈ ఆచారము పుట్టియుండవచ్చును. వాన వచ్చుట, రాకపోవుట దైవాధీనము. కాని ఆ పర్వమును మనసుపెట్టి వినినవారికి మఱియొక లాభము కలదు. తలచిన పని తలక్రిందులైనప్పుడు మనుష్యుడెట్లు నిలువవలెనో ఆ కథ చెప్పుచున్నది. నేటి ప్రసంగమునకు విషయమదియే.

తానొకటి తలచిన దైవమొకటి తలచునను సామెత వినని యిల్లు లేదు. పెండ్లిపందిరి వేసిననాడే గాలివాన వచ్చును. నూర్చిన ధాన్యము కళ్లములోనే తడియును. పట్టణమునకు చదువుకై పంపిన కుమారుడు పరీక్ష తప్పి తిరిగి వచ్చును. ఇల్లు కట్ట మొదలిడినవానికి గోడలు లేచునప్పటికే చేతిసొమ్ము అయిపోవును. ఇట్టి సమయమున ఇరుగుపొరుగువారు రెండు విధములైన మాటలాడుదురు. అంతయు మంచికేయని కొందఱందురు. ముందే చెప్పితిమి గదా యని మఱికొందఱందురు. మొదటి మాట పుండును కప్పును, రెండవ మాట పుండును కెలుకును. రెంటివలనను పుండు మానదు.

నష్టము వచ్చినప్పుడు లెక్క వ్రాయువాడు చేయు పని గమనింపదగినది. అతడు నష్టమును చిట్టాలో దాచడు. నష్టము వచ్చినదని చిట్టాను చింపివేయడు. ఖర్చును ఖర్చు క్రిందనే వ్రాసి, మిగిలిన నిలువ ఎంతయో తేల్చి, దానిని తరువాతి పుటకెత్తి, మఱునాటి లెక్క మొదలుపెట్టును. నిలువ ఒక్క రూపాయి యైనను పుటకెత్తవలసినదే. కష్టకాలమున ఉల్లాసముగా నుండుట యనగా ఏమియు పోలేదని నటించుట కాదు. పోయినదానిని ఉన్నదున్నట్లు ఒప్పుకొని, మిగిలినదానిని చులుకన చేయకుండుట.

ఇందులకు దృష్టాంతముగా పెద్దలు సాధారణముగా శ్రీరామచంద్రుని చూపుదురు. పట్టాభిషిక్తుడు కావలసిననాడే ఆయన నారచీరలు కట్టి అడవికి బయలుదేఱెను. అయినను ఆయన ముఖకాంతి మాఱలేదని వాల్మీకి వర్ణించెను. కాని సామాన్యుడు దీనిని విని, ఆయన అవతారపురుషుడు, తనవంటివానికి సాధ్యమా యని తప్పించుకొనును. అందుచేత పాండవుల కథయే ఇచట ఎక్కువ ఉపయోగకరము. ఏలయన, వారి కష్టమునకు వారి తప్పు కూడ ఒక కారణము. జూదమాడినవాడు ధర్మరాజు. రాజ్యమును, తమ్ములను, తన్ను, తుదకు ద్రౌపదిని ఒడ్డినవాడు ఆయనయే. పరులు చేసిన కీడును సహించుటకంటె, తన చేతితో తాను చెఱచుకొన్న పనిని తలచుకొనుచు బ్రదుకుట కష్టతరము.

అరణ్యవాసమున బృహదశ్వుడను మహర్షి రాగా ధర్మరాజు, తనకంటె దురదృష్టవంతుడగు రాజు ఎచటనైన కలడా యని అడిగెను. కష్టములోనున్న ప్రతివాడును మనసులో అడుగుకొను ప్రశ్నయే యిది. మహర్షి ఆయనను మందలింపలేదు. నలమహారాజు కథ చెప్పెను. నలుడును జూదములోనే రాజ్యము పోగొట్టుకొనెను. వికృతరూపుడై, బాహుకుడను పేర ఋతుపర్ణుని కొలువున రథము తోలెను. ఆ కొలువులోనే తన అశ్వవిద్యను ఆ రాజునకిచ్చి, బదులుగా ఆయనయొద్ద అక్షవిద్యను గ్రహించెను. కథ ముగించి బృహదశ్వుడు ధర్మరాజునకు ఆ అక్షహృదయమునే ఉపదేశించెను. ఏ విద్య తెలియక ధర్మరాజు చెడెనో ఆ విద్యనే నేర్చుకొనెను. పశ్చాత్తాపమునకు ఇంతకంటె మంచి ఉపయోగము లేదు.

పండ్రెండేండ్లు గడచి అజ్ఞాతవాసము వచ్చెను. సోదరులు కూర్చుండి, ఎవరికే పని చేతనగునో విచారించుకొనిరి. ధర్మరాజు కంకుభట్టు అయి విరాటుని కొలువులో జూదమాడి ఆయనకు వినోదము కూర్చు పనిని స్వీకరించెను. సర్వస్వమును హరించిన పాచికలే ఆ యేడు ఆయనకు అన్నము పెట్టెను. ఊర్వశి యిచ్చిన శాపము అర్జునునకు ఆ యేడు మాఱువేషమయ్యెను. ఇంద్రలోకమున చిత్రసేనునివద్ద నేర్చిన నృత్యగీతములు విరాటుని కూతురునకు చెప్పు చదువయ్యెను. భీముడు వలలుడై గరిటె పట్టెను. నకులుడు గుఱ్ఱపుసాలను, సహదేవుడు ఆలమందలను చూచుకొనిరి. ద్రౌపది సైరంధ్రియై సుదేష్ణకు కొప్పు ముడిచెను.

ఆయుధములను వారు పాఱవేయలేదు. జమ్మిచెట్టుమీద భద్రపఱచిరి. అప్పటికి చేయరాని పనిని చెట్టుమీద దాచి, చేయదగిన పనిని చేతికి తీసికొనిరి. ఆశ వదలుకొనుటకును, అదనుకై వేచియుండుటకును గల భేదము ఆ జమ్మిచెట్టువద్ద తెలియును.

ఆ యేడంతయు వారు మొగము ముడుచుకొని గడపలేదనుటకు ఉత్తరగోగ్రహణ కథయే సాక్ష్యము. సారథి దొఱకిన కౌరవసేనను తానొక్కడే గెలుతునని అంతఃపురమున బీరములు పలికిన ఉత్తరకుమారునకు బృహన్నల సారథిగా ఏర్పడెను. కవచము తొడుగుకొనుట చేతగానట్లు దానిని తలక్రిందులుగా తొడుగుకొనగా అంతఃపురబాలికలు పకపక నవ్విరి. గాండీవము పట్టిన చేతులకు కవచము తెలియదా? పిల్లలు నవ్వుటకే ఆ పని. ఉత్తరయు, ఆమె చెలికత్తెలును, కౌరవులను గెలిచి తమ బొమ్మలకు రంగురంగుల వస్త్రములు తెమ్మని కోరిరి. తరువాత సేనను చూచి ఉత్తరకుమారుడు రథము దిగి పరుగిడెను. అర్జునుడు అతనిని పట్టి తెచ్చి, ధైర్యము చెప్పి, అతడు రథము తోలిన చాలును, యుద్ధము తాను చేయుదునని పని మార్చి యిచ్చెను. యుద్ధము ముగిసినపిమ్మట, మూర్ఛిల్లిన ద్రోణ కృప కర్ణాదుల వస్త్రములను ఆ కుమారునిచేతనే తెప్పించెను. పదుమూడేండ్ల పగ తీఱుచున్న గడియలో ఒక బాలిక బొమ్మలకు అడిగిన గుడ్డపీలికలు జ్ఞాపకముండుట సామాన్యమైన మనోనిబ్బరము కాదు.

ఆనాడే నగరిలో విరాటుడు తన కుమారుని విజయమును పొగడుచుండగా కంకుభట్టు, బృహన్నల సారథి కాగా గెలుపునకు సందేహమేలయని పలికెను. రాజు కోపించి పాచికతో ఆయన మొగముమీద కొట్టెను. నెత్తురు వచ్చెను. సైరంధ్రి దానిని నేల పడకుండ పాత్రలో పట్టెను. ధర్మరాజు అప్పుడు చేసిన పని యొకటే. బృహన్నలను వెంటనే లోనికి రానీయవలదని ద్వారపాలకునకు మెల్లగా చెప్పెను. యుద్ధమునందు తప్ప తన అన్న నెత్తురు చిందించినవానిని బ్రదుకనీయనని అర్జునునకు వ్రతము కలదు. దెబ్బ తిన్నవాడు కొట్టినవాని ప్రాణమును గూర్చి ఆలోచించెను.

అయినను ఈ కథలో అంతయు నవ్వే యనుకొనరాదు. కీచకుడు చేసిన అవమానమునకు ద్రౌపది నిండుకొలువులో న్యాయమడిగి, పొందలేక, రాత్రి వంటయింటికి పోయి భీముని లేపి కన్నీరు కార్చెను. భీముడు ఆమెను ఓర్చుకొమ్మని పంపివేయలేదు, కీచకుని పని పట్టెను. పంట పోయినవానికి ఓర్పు చెప్పవచ్చును. అన్యాయము పొందినవారికి చెప్పవలసినది ఓర్పు కాదు, చేయవలసినది సాయము. ఉల్లాసము ఎవరికి వారు తెచ్చుకొనవలసినదే కాని, ఏడ్చువారి నెత్తిన రుద్దదగినది కాదు.

విరాటపర్వము తెలుగున అవతరించిన విధము కూడ ఈ విషయమునకే చెందినది. 11వ శతాబ్దమున రాజరాజనరేంద్రుని ప్రేరణమున నన్నయభట్టు రాజమహేంద్రవరమున భారతము తెనిగింప పూనుకొనెను. ఆదిపర్వము, సభాపర్వము ముగిసి, అరణ్యపర్వము నాలుగవ ఆశ్వాసము నడుమ రచన ఆగిపోయెను. అంతటి మహాసంకల్పము అడవి నడుమ నిలిచిపోయెను. 13వ శతాబ్దమున నెల్లూరి మనుమసిద్ధి ఆస్థానమున నున్న తిక్కన సోమయాజి, తెగినచోటును తాకక, విరాటపర్వము నుండి ఆరంభించి కడపటివఱకు పదునైదు పర్వములను రచించెను. 14వ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి ఆదరము పొందిన ఎఱ్ఱన అరణ్యపర్వ శేషమును పూరించెను. అట్లు పూరించి, దానిని తన ప్రభువునకు కాక, మొదట కోరిన రాజరాజనరేంద్రునకే అంకితము చేసెను. సుమారు మూడువందల యేండ్లు పట్టిన పని యిది. మొదలిడినవాడు ముగింపు చూడలేదు. ముగించినవాడు మొదటివానిని మఱువలేదు. తన చేతిలో పని ఆగినంత మాత్రమున పని చెడినట్లు కాదని దీనివలన తెలియుచున్నది.

గ్రంథము నడుమ ఆగుట యొక కష్టమైన, వ్రాసిన గ్రంథమే నశించుట మఱియొక కష్టము. అట్టిది 1835లో లండను నగరమున జరిగెను. థామస్ కార్లైల్ అను రచయిత ఫ్రెంచి విప్లవ చరిత్ర మొదటి సంపుటమును వ్రాసి, మిత్రుడగు జాన్ స్టూవర్టు మిల్లునకు చదువ నిచ్చెను. మిల్లు పొరపాటున ఆ వ్రాతప్రతి చిత్తుకాగితములలో కలిసి పొయ్యిపాలయ్యెను. వేఱు ప్రతి లేదు. మిల్లు పాలిపోయిన మొగముతో వచ్చి ఈ సంగతి చెప్పగా, కార్లైల్ దంపతులు తమ దుఃఖమును దిగమ్రింగి చాల ప్రొద్దుపోవువఱకు ఆయననే ఊరడించిరి. అటుపిమ్మట కార్లైల్ తిరిగి వ్రాయబూనెను. కలము సాగలేదు. అప్పుడు దానిని ప్రక్కకు పెట్టి, కొన్ని వారములు తేలిక నవలలు చదువుకొని, మనసు కుదుటపడిన తరువాత మరల కూర్చుండెను. ఆ యేడు ముగియకమునుపే సంపుటము పూర్తియయ్యెను. 1837లో గ్రంథము మూడు సంపుటములుగా వెలువడగా, దానిని మెచ్చుకొనుచు విమర్శ వ్రాసినవారిలో ఆ మిల్లు కూడ ఉండెను. పుస్తకము కాలినను స్నేహము కాలలేదు. కార్లైల్ వెంటనే లేచి నిలువలేదను సంగతియు గుర్తుంచుకొనవలసినదే. పడినవాడు కొంతసేపు కూర్చుండుట ఓటమి కాదు.

ఈ పాఠములు పల్లెవాసులకు క్రొత్తవి కావు. అదను తప్పి వాన పడిన మెట్టచేనిలో రైతు తలచిన పైరు మాని ఉలవలు చల్లును. ఉలవ చల్లినవాడు వరి కంకిని మఱచినవాడు కాడు. ఉన్న పదునుతో పండునది ఏదో తెలిసినవాడు.

ఏ పల్లె గ్రంథాలయమైనను ఇరువదియైదేండ్లు నిలిచినదన్న, దాని వెనుక చెడిన పనులు ఎన్నియో యుండును. వసూలు కాని చందాలు, తిరిగిరాని పుస్తకములు, చెదలు పట్టిన బీరువాలు, కురిసిన పైకప్పులు లేని గ్రంథాలయ చరిత్ర ఉండదు. అయినను సాయంకాలమగునప్పటికి ఎవరో ఒకరు వచ్చి తలుపు తీసి, దుమ్ము దులిపి, దీపము పెట్టుదురు. అందువలననే అది నిలుచును. ఈ రజతోత్సవమున సన్మానింపదగినది మొదట ఆ తాళపుచెవిని మోసిన చేతులను.

ఇక ముందు ఎవరి యింట ఏ పని తప్పినను, ఒక సాయంకాలము ఇచటికి వచ్చి విరాటపర్వము తీసికొని చదువుదురుగాక. వాన పడునో పడదో, మఱునాడు చేయవలసిన పని మాత్రము కనబడును.

స్వస్తి.