బి.ఎస్సీ. తరువాత ఏమిటి?



మా ఊరు బళ్లారి జిల్లాలో ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఉంటుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బస్టాండులో రెండూ. ఇరవై ఏళ్లకు పైగా నేను ప్రభుత్వ హైస్కూల్లో కన్నడ మాధ్యమంలో గణితం చెబుతున్నాను. సైన్సులో, గణితంలో బి.ఎస్సీ. చదువుతున్న పిల్లలు పై చదువులకు ఎప్పుడు, ఎక్కడ, ఎలా దరఖాస్తు పెట్టుకోవాలో ఈ రోజు చెబుతాను. పిల్లలతో పాటు తల్లిదండ్రులూ, నాలాంటి ఉపాధ్యాయులూ వినాలని నా కోరిక. ఎందుకంటే ఇందులో మొదటి తప్పు నాది.

మూడేళ్ల కిందట ఏప్రిల్ నెలలో, ఒకప్పుడు నా దగ్గర పదో తరగతి చదివిన అమ్మాయి మా ఇంటికి వచ్చింది. అప్పటికి బి.ఎస్సీ. ఆఖరి సంవత్సరం పూర్తి కావస్తోంది. "టీచర్, నాకు ఇంకా గణితమే చదవాలని ఉంది. ఏం చేయాలి?" అని అడిగింది. నేను క్షణం కూడా ఆలోచించలేదు. "బి.ఎడ్. చేయమ్మా, ఉద్యోగం వస్తుంది" అన్నాను. ఆ పిల్ల "సరే టీచర్" అని కాఫీ తాగి వెళ్లిపోయింది.

బి.ఎడ్. అంటే నాకు చిన్నచూపు లేదు. నాకు అన్నం పెడుతున్నది అదే. కానీ ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న వేరు, నేను చెప్పిన జవాబు వేరు. నాకు ఇరవై ఒకటో ఏట మా లెక్చరర్ చెప్పిన మాటనే నేను ఆమెకు అప్పజెప్పాను. రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి బెంగళూరులో దిగుతాం. అక్కడి భారతీయ విజ్ఞాన సంస్థలో బి.ఎస్సీ. చదివిన వాళ్లను చేర్చుకుని, నెలనెలా డబ్బిచ్చి పిహెచ్.డి. దాకా చదివిస్తారని నాకు నలభై ఏళ్లు వచ్చేదాకా తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు. తెలియకుండా సలహా ఇవ్వడం తప్పు.

ఆ అమ్మాయి గురించి ఇంకొక మాట చెప్పాలి. పదో తరగతిలో రెండు వర్గమూలం కరణీయ సంఖ్య అని నిరూపిస్తాం కదా. నేను ముందు రెండుకు, తరువాత మూడుకు చేసి చూపించాను. ఈమె లేచి, "టీచర్, ఇదే పద్ధతి నాలుగుకు చేస్తే నాలుగు వర్గమూలం కూడా కరణీయం కావాలి. కానీ అది రెండు కదా. మరి నిరూపణ ఎక్కడ ఆగిపోతుంది?" అని అడిగింది. చాలా మంచి ప్రశ్న. ఒక సంఖ్య వర్గాన్ని రెండు భాగిస్తే, ఆ సంఖ్యను కూడా రెండు భాగిస్తుంది. మూడైనా అంతే. నాలుగు అలా కాదు. ముప్పై ఆరును నాలుగు భాగిస్తుంది, కానీ ఆరును భాగించదు. నిరూపణ ఆగేది సరిగ్గా అక్కడే. ఆ రోజు నేను ఈ సంగతి చెప్పలేదు. "పరీక్షలో రాదు, కూర్చో" అన్నాను.

సరే, ఆమె మా ఇంటి నుంచి వెళ్లిన వారానికి, బస్సులో కలిసిన ఒక సీనియర్ ద్వారా జామ్ అనే పరీక్ష ఒకటి ఉందని తెలిసిందట. తెలిసేటప్పటికి ఆ ఏటి పరీక్ష ఫిబ్రవరిలోనే అయిపోయింది. దరఖాస్తు గడువు అంతకు ముందు అక్టోబరులోనే ముగిసింది. ఒక ఏడాది పోయింది. ఆడపిల్ల ఒక ఏడాది ఇంట్లో ఉందంటే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. సంబంధాలు రావడం మొదలైంది.

అందుకని తారీఖుల సంగతి ముందు చెబుతాను. జామ్ అంటే ఎమ్మెస్సీలో చేరడానికి ఐ.ఐ.టి.లు కలిసి పెట్టే పరీక్ష. ఐ.ఐ.టి. అనగానే ఇంజనీరింగ్ అనుకుంటాం. అక్కడ గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, భూగర్భశాస్త్రం కూడా చెబుతారు. బి.ఎస్సీ. పూర్తయినవాళ్లే కాదు, ఆఖరి సంవత్సరంలో ఉన్నవాళ్లూ రాయవచ్చు. వయసు పరిమితి లేదు. గుర్తుండడానికి మా పిల్లలకు నేను ఇలా చెబుతాను: దసరాకు దరఖాస్తు, శివరాత్రికి పరీక్ష, ఉగాదికి ఫలితం. రోజులు కాస్త అటూ ఇటూ అవుతాయి గానీ వరస ఇదే. అంటే బి.ఎస్సీ. ఆఖరి పరీక్షలకు ఎన్నో నెలల ముందే దరఖాస్తు వెళ్లిపోవాలి. డిగ్రీ చేతికొచ్చాక చూద్దాంలే అనుకుంటే ఏడాది పోయినట్టే.

పరీక్ష మూడు గంటలు, కంప్యూటర్ మీద రాయాలి. 60 ప్రశ్నలు, 100 మార్కులు. మొదటి భాగంలో ఒక్క జవాబే సరైనది, తప్పు రాస్తే మార్కులు కోస్తారు. రెండో భాగంలో ఒకటికి మించి సరైన జవాబులు ఉండవచ్చు. అన్నీ గుర్తిస్తేనే మార్కులు, కానీ తప్పుకు కోత లేదు. మూడో భాగంలో జవాబుగా వచ్చిన సంఖ్యను మనమే నమోదు చేయాలి. అక్కడా కోత లేదు. పాత ప్రశ్నపత్రాలు ఉచితంగా దొరుకుతాయి. వాటిని గడియారం ఎదురుగా పెట్టుకుని చేయడమే అన్నిటికంటే మంచి కోచింగ్.

జామ్ ఒక్కటే దారి కాదు. హైదరాబాదు విశ్వవిద్యాలయం, కలబురగి దగ్గర ఉన్న కర్ణాటక కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి చోట్ల చేరడానికి సి.యు.ఇ.టి. అనే ఉమ్మడి పరీక్ష ఉంది. చెన్నై మేథమేటికల్ ఇన్‌స్టిట్యూట్, భారతీయ గణాంక సంస్థ తమ ప్రవేశ పరీక్షలు తామే పెడతాయి. ముంబయిలోని టాటా సంస్థకు వేరే పరీక్ష ఉంది. ఒక్కచోటికే పెట్టి కూర్చోకండి. మూడు నాలుగు చోట్లకు పెట్టండి. వాటిలో ఒకటి మీ ఇంటికి దగ్గరగా ఉన్న విశ్వవిద్యాలయం అయితే మనసుకు ధైర్యం.

ఇక డబ్బు సంగతి. ఆ అమ్మాయి తండ్రి మిరప వేస్తారు, తల్లి ఇంట్లోనే జీన్స్ ప్యాంట్లు కుడుతుంది. రెండోసారి నేనే వాళ్లింటికి వెళ్లాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, "ఇంకా చదివిస్తే ఫీజు యాడ తెచ్చేది టీచరమ్మా? పెండ్లికి దాచింది తప్ప నా దగ్గర ఏముంది?" అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు. ఎమ్మెస్సీకి ఫీజు ఉంటుంది, చోటును బట్టి మారుతుంది. స్కాలర్‌షిప్పులూ ఉన్నాయి, వాటికీ దరఖాస్తు పెట్టుకోవాలి. అయితే పిహెచ్.డి. సంగతి వేరు. నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. వచ్చినవారికి 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000 రూపాయలు ఇస్తున్నారు. ఇంటద్దె అదనం. పరిశోధన చదువే అయినా దానికి జీతం లాంటిది ఉంటుంది. ఈ మాట చెప్పినప్పుడు ఆయన రెండుసార్లు అడిగారు, "వాళ్లు మనకిస్తారా, మనం వాళ్లకియ్యాల్నా?" అని.

తరువాత కాగితాలు. సరిహద్దు వాళ్లకు చిక్కు వచ్చేది ఇక్కడే. తెలుగువాళ్లం ఇంటిపేరు ముందు రాస్తాం. కర్ణాటకలో బడి రికార్డులో ఇనీషియల్ చివర పెడతారు. ఈ అమ్మాయి పేరు ఎస్.ఎస్.ఎల్.సి. కార్డులో ఒక తీరు, ఆధార్‌లో ఒక తీరు ఉంది. దరఖాస్తు మొదలుపెట్టాక సరిచేయడం మొదలుపెడితే గడువు దాటిపోతుంది. రెండో సంవత్సరంలోనే రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం పోల్చి చూసుకోండి.

రెండోది కులధృవీకరణ పత్రం. రాష్ట్రంలో 2ఎ, 3బి అంటూ ఇచ్చే పత్రం రాష్ట్ర కాలేజీలకు పనికొస్తుంది. కేంద్ర సంస్థలకు ఓ.బి.సి. పత్రం కేంద్రం నమూనాలో, క్రీమీలేయర్ కాదని రాసి ఉండాలి. కేంద్రం జాబితా ఒక్కో రాష్ట్రానికి ఒక్కోటి. సరిహద్దుకు అటువైపు మన బంధువులకు ఉన్నది ఇటువైపు మనకు ఉండకపోవచ్చు. అనంతపురంలో మేనమామ పిల్లలకు వచ్చిందని మనకూ వస్తుందనుకోవద్దు. ముందుగానే నాడకచేరిలో అడిగి తెలుసుకోండి. దరఖాస్తు ప్రకటనలో ఏ తేదీ తరువాతి పత్రం కావాలన్నారో చూసి తీసుకోండి.

ఇక సిఫారసు ఉత్తరం. వేసవి శిక్షణలకు, పరిశోధనకు, విదేశాల్లో చదువుకు ఉపాధ్యాయుల ఉత్తరం అడుగుతారు. గణితంలో ఎం.టి.టి.ఎస్. అని ఒక వేసవి శిక్షణ 1993 నుంచి జరుగుతోంది. ఎంపికైన డిగ్రీ పిల్లలకు వసతి, భోజనం ఉచితంగా ఇచ్చి, బట్టీ పట్టకుండా ఆలోచించడం నేర్పుతారు. దానికీ ఉత్తరం కావాలి. మన అలవాటు ఏమిటంటే, "ఈ విద్యార్థిని బుద్ధిమంతురాలు, కష్టపడుతుంది, నడవడి మంచిది" అని నాలుగు వాక్యాలు రాసి సంతకం పెడతాం. పేరు మారుస్తాం, వాక్యాలు మార్చం. నేనూ అలాంటివి ఎన్నో రాశాను. ఆ ఉత్తరం చదివేవారికి ఏమీ తెలియదు. దానికి బదులు, "పదో తరగతిలో ఈ పిల్ల నిరూపణ ఎక్కడ ఆగుతుందని అడిగింది" అని ఒక్క వాక్యం రాస్తే, ఆ పిల్ల ఎవరో వాళ్లకు కనిపిస్తుంది. పిల్లలు తమ గురించి రాసేటప్పుడూ ఇంతే. "చిన్నప్పటి నుంచి నాకు గణితమంటే ప్రాణం" అని అందరూ రాస్తారు. ఏ పుస్తకం చదివారు, ఏ లెక్క దగ్గర వారం రోజులు ఆగిపోయారు, ఎలా బయటపడ్డారు, అది రాయండి. ఉత్తరం అడిగేటప్పుడు మేష్టారికి నెల రోజుల వ్యవధి ఇవ్వండి.

ఇంగ్లీషు భయం గురించి కూడా ఒక మాట. జామ్ ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది. ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాషలో పెరిగిన పిల్లలకు మూడో భాష కొత్త కాదు. గణితానికి కావలసిన ఇంగ్లీషు కూడా తక్కువే. ఎట్ మోస్ట్, ఎట్ లీస్ట్, ఇఫ్ అండ్ ఓన్లీ ఇఫ్ లాంటి మాటలు ఒక నోటుబుక్కులో వంద రాసుకుని, పక్కన తెలుగులోనో కన్నడంలోనో అర్థం రాసుకోండి. వాటిని తారుమారుగా అర్థం చేసుకోవడం వల్ల పోయే మార్కులే ఎక్కువ.

మన ప్రాంతంలో పుట్టిన ఒక పెద్దాయన సంగతి చెబుతాను. గణాంకశాస్త్రంలో ప్రపంచ ప్రసిద్ధులు సి. ఆర్. రావుగారు 1920లో హూవిన హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. అప్పుడు ఆ ఊరు బళ్లారి జిల్లాలో ఉండేది. 2021 నుంచి విజయనగర జిల్లాలో ఉంది. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, పరిశోధనకు స్కాలర్‌షిప్ కోసం దరఖాస్తు పెడితే, గడువు దాటిందని తిరస్కరించారు. ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. కానీ గణాంక సంస్థ గురించి అక్కడ తెలిసి 1941లో అందులో చేరారు. 1945లో ఆయన రాసిన వ్యాసంలోని ఫలితాన్ని ఈనాటికీ క్రామర్‌-రావ్ పేరుతో అన్ని దేశాల్లో పాఠంగా చెబుతారు. 2023లో గణాంకశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి అందుకుని, అదే ఏడు ఆగస్టులో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఈ కథ విని, గడువు దాటినా ఫరవాలేదు అనుకోవద్దు. ఆయనకు కలకత్తా దొరికింది. గడువు దాటిన ప్రతి పిల్లకూ కలకత్తా దొరకదు. ఎంతమంది అక్కడే ఆగిపోయారో ఎవరూ లెక్క రాయలేదు.

మా అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. తండ్రి ఒక్క ఏడాది గడువిచ్చారు. ఆ దసరాకు మా ఇంట్లో కూర్చునే దరఖాస్తు నింపింది. పేరు ముందే సరిచేయించుకుంది. ఇప్పుడు ఒక ఐ.ఐ.టి.లో ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతోంది. పోయినసారి పండగకు వచ్చినప్పుడు, "టీచర్, ఆ రోజు నేను నాలుగు గురించి అడిగాను చూడండి, అక్కడ మాకు అదొక పెద్ద పాఠం. ప్రధాన సంఖ్య అంటే ఏమిటన్నది అలాంటి గుణంతోనే మొదలుపెడతారు" అంది. నేను ఆమెను కూర్చోమన్నాను. ఈసారి పాఠం ఆమె చెప్పింది, నేను విన్నాను.

ఉపాధ్యాయ మిత్రులారా, ఈ దసరాకు మీకు తెలిసిన బి.ఎస్సీ. ఆఖరి సంవత్సరం పిల్లలను ఒక్కరినైనా పిలిచి, దరఖాస్తు పెట్టావా అని అడగండి. తల్లిదండ్రులారా, పిల్లలు ఇంకా చదువుతామంటే, వద్దనే ముందు ఒక్కసారి ఎవరినైనా విచారించండి.