నీటి యంచున ఇండ్లు

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు తలపునకు వచ్చినంతనే మెట్టచేలు, పలకరాతి గనులు, మండుటెండలు కన్నులకు కట్టును. నీటి యొడ్డున ఇండ్లను చిత్రించుటకు ఆ సీమకు పోనేలయని మిత్రులు మమ్ము అడిగిరి. కంభము చెరువును నిండుగా చూచినవారు ఆ ప్రశ్న వేయరు. నల్లమల నుండి గుండ్లకమ్మ వెలువడు కొండసందున విజయనగర కాలమువారు కట్ట వేసి నిలిపిన నీరది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము దానిని వారసత్వ కట్టడముగా గుర్తించినది.

మేము తైలవర్ణములు తీసికొని ఆ చెరువంచు పల్లెకు మొదట పోయిన యేడు వానలు మెండుగా కురిసినవి. మెట్లదాకా నీరు వచ్చిన సున్నపు గోడల ఇల్లొకటి ఎన్నుకొని, గోడను, వేపచెట్టును శ్రద్ధగా వ్రాసి, నీటికి నీలము పూసితిమి. ఆ ఇంటి యిల్లాలు వెనుక నిలిచి చూచి, “ఏందయ్యా, మా చెరువు నీళ్లు ఎర్రగా ఉంటే మీరు నీలం పూసినారే!” అనెను. తలయెత్తి చూచితిమి. క్రొత్తనీరు ఎర్రమన్నుతో కలిసి యుండెను. మేము వ్రాసినది కంట చూచిన నీటిని కాదు. నీరు నీలమని చిన్ననాట విన్న మాటను.

ఫ్రాన్సు దేశపు ఇంప్రెషనిస్టులు విడువుమన్నది ఆ విన్న మాటనే. 1841లో రాండ్ అను అమెరికా చిత్రకారుడు తైలవర్ణములను తగరపు గొట్టములలో నింపు ఉపాయము కనుగొనుటచే, చిత్రకారులు గది విడిచి ఏటి గట్టున పని చేయుట సుకరమయ్యెను. మోనే మొదలగువారు 1874లో పారిస్ నగరమున తమ చిత్రములను ప్రదర్శించిరి. 1876లో పోర్ట్ మార్లీ అను ఊరిని వరద ముంచగా, సిస్లే నీట నిలిచిన ఒక ఇంటినే పలుమారులు చిత్రించెను. ఆకాశము మారినప్పుడెల్ల నీటి రంగును మారినది.

ఈ పద్ధతిలో గంటకు మించి ఒకే వెలుగును నమ్మరాదు. తడి రంగుపై తడి రంగు వేయుచు త్వరపడవలెను. తెల్లగోడ నీటిలో కొంత మసకగాను, నల్లని గడప కొంత తేలికగాను కనబడును. ప్రతిబింబమునకు కుంచెను నిలువుగా దించి, అలలకు అడ్డముగా లాగవలెను. నీడయని నల్లరంగు పూయరాదు. మార్కాపురపు పలకను చూడుడు: పొడిగా నున్నప్పుడు బూడిదవన్నె, తడిసినంతనే నలుపు, ఆ తడి పలకనే ఎండకు వాలుగా పట్టినచో అందు ఆకాశము మెరయును. నీడలోని రంగులను నేర్పుటకు అంతకు మించిన గురువు లేడు.

ఆ నీలమును కత్తితో గీకివేసి, నీటిని ఎర్రగా తిరుగ వ్రాసితిమి. రెండేండ్లకు ఆ చిత్రముతోనే మరల పోయితిమి. వానలు లేవు. నీరు దూరముగా తొలగి, మెట్ల ముందు నేల బీటలు వారియుండెను. ఆ యిల్లాలు చిత్రమును చేత పట్టుకొని రంగులను చూడలేదు, మెట్లను లెక్కించెను. “ఆ యేడు మూడో మెట్టు దాకా వచ్చినాయి నీళ్లు” అని ఇంటివారిని పిలిచి చూపెను.

మేము వెలుగు కొరకు వ్రాసినదానిని ఆమె నీటి లెక్కగా చదివెను. నీలపు నీటినే విడిచియుండినచో ఆమె దానిని తన చెరువని యొప్పుకొనియుండెడిదా? ఆ చిత్రము నేడు ఆ యింటి గోడకే యున్నది.