పాత స్టీరియోకు కొత్త చుట్టాలు



మనలో చాలామంది ఇళ్ళల్లో, హాల్లో ఓ మూల పాత స్టీరియో సెట్టు ఒకటి ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో కొన్నదో, మామగారి హయాంలో వచ్చిందో! కాస్మిక్ అనో, సోనోడైన్ అనో దాని పేరు. రెండు పెద్ద స్పీకరు పెట్టెలు, మధ్యలో బరువైన యాంప్లిఫయరు. దాని మీద మనం అల్లిన క్రోషియా గుడ్డ, ఆ గుడ్డ మీద పూలకుండీ. రికార్డులు అటకెక్కాయి, క్యాసెట్లు బూజు పట్టాయి. కనక పాపం దానికి ఇప్పుడు పూలకుండీ మొయ్యడం ఒక్కటే ఉద్యోగం.

ఇంకోపక్క చూస్తే ఇంట్లో పాట పలికే వస్తువులకు కొదవ లేదు. టీవీ, దాని సెట్-టాప్ బాక్సు, సీడీ ప్లేయరు, అబ్బాయి కంప్యూటరు, అందరి చేతుల్లోనూ ఫోన్లు. ఇన్ని ఉండీ, వేలెడంత స్పీకర్లలోంచి వింటుంటే సుబ్బులక్ష్మిగారి గొంతు కూడా రేకు డబ్బాలోంచి వచ్చినట్టే ఉంటున్నది. మృదంగం ఉన్నదో లేదో తెలియదు.

మా వీధిలో ఒకావిడ ఈ బాధ పడలేక బజారుకు వెళితే, దుకాణంలో కుర్రాడు “మీ పాత సెట్టు తుక్కు కింద ఇచ్చెయ్యండమ్మా, పాతికవేలల్లో కొత్తది వస్తుంది” అన్నాట్ట. ఆవిడ తొందరపడలేదు. ఇంటికొచ్చి నన్ను అడిగారు. ఆవిడకు చెప్పిందే ఇవాళ మీకూ చెబుతున్నాను.

యాంప్లిఫయరు చేసే పని ఒక్కటే. తనకు సన్నగా అందిన శబ్దాన్ని పెద్దది చేసి స్పీకర్లకు పంపడం. ముప్ఫై ఏళ్ళ కిందట ఆ పని ఎలా చేసిందో, బాగా ఉన్నదయితే ఇప్పుడూ అలాగే చేస్తుంది. మరి కొత్త వస్తువులతో ఎందుకు పొసగదంటారా? భాష తేడా, అంతే. కొత్త వస్తువులు పాటను అంకెలుగా దాచుకుంటాయి. 1982లో సోనీ, ఫిలిప్స్ కంపెనీలు తెచ్చిన సీడీనే తీసుకోండి. అందులో ఒక్క సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, ఆ కొలతలన్నీ అంకెలుగా రాసిపెడతారు. మనం చుక్కల ముగ్గు వేస్తాం చూడండి, అలాగన్నమాట. అంకెలు చుక్కలు. ఆ చుక్కలను ఒడుపుగా కలిపితేగాని ముగ్గు కాదు, పాటా కాదు. పాత యాంప్లిఫయరుకు చుక్కలు కలపడం రాదు. కలిపిన ముగ్గును పెద్దది చేసి చూపడం మాత్రమే వచ్చు.

ఆ చుక్కలు కలిపిపెట్టే చిన్న పెట్టెను ‘డాక్’ అంటారు. డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్ అనే పొడుగాటి పేరుకు పొట్టి పేరు. అగ్గిపెట్టెలు రెండు పక్కపక్కన పెట్టినంత ఉంటుంది. ఒక్క వస్తువును కలిపే రకం వెయ్యి, పదిహేను వందల్లో దొరుకుతుంది. మనకు కావలసింది మూడు నాలుగు వస్తువులకు చోటుండి, మీట నొక్కితే ఒకదాన్నుంచి ఇంకొకదానికి మారే రకం. దానికి ఖరీదు రెండు మూడు రెట్లు ఉండవచ్చు. అయినా పాతికవేలెక్కడ, ఇదెక్కడ!

బజారుకు వెళ్ళేముందు ఒక పని చెయ్యండి. కాగితం, కలం పట్టుకుని మీ ఇంట్లోని వస్తువుల వెనకవైపు చూసి ఏయే కన్నాలు ఉన్నాయో రాసుకోండి. టీవీ వెనక ‘ఆప్టికల్’ అని చిన్న చదరపు తలుపు లాంటిది ఉంటుంది. టీవీ వేసి చూస్తే లోపల ఎర్రటి వెలుగు కనబడుతుంది. పాట ఆ వెలుతురుగానే సన్నని ప్లాస్టిక్ తీగలో ప్రయాణం చేస్తుంది. సీడీ, డీవీడీ ప్లేయర్లకు చాలావాటికి ‘కోయాక్సియల్’ అని గుండ్రటి సాకెట్టు ఒకటే ఉంటుంది, తరచు నారింజరంగులో. కంప్యూటరుకు యూఎస్‌బీ. ఫోనుకు బ్లూటూత్, తీగ అక్కరలేదు. మీ టీవీకి ఆప్టికల్ లేకపోతే ‘ఏఆర్‌సీ’ అని రాసిన హెచ్‌డీఎంఐ సాకెట్టు ఉందేమో చూడండి. అప్పుడు అది పట్టే పెట్టె అడగాలి. కాగితం లేకుండా దుకాణానికి వెళితే వాళ్ళ దగ్గర ఉన్నదే మీకు కావలసిందని చెబుతారు.

ఒక మాట దాచకూడదు. టీవీలో, సీడీ ప్లేయరులో కూడా లోపల చుక్కలు కలిపే ముక్క ఒకటి ఉంటుంది. మీ టీవీకి హెడ్‌ఫోను కన్నం ఉండి, టీవీ ఒక్కటే కలిపితే చాలనుకుంటే, వందా రెండువందల రూపాయల తీగతో సరిపోతుంది. వస్తువులు నాలుగై, యాంప్లిఫయరుకు ఖాళీ సాకెట్లు లేనప్పుడే ఈ పెట్టె అవసరం బాగా తెలుస్తుంది.

ఇక కలపడం. ముందు అన్ని ప్లగ్గులూ తీసెయ్యండి. పెట్టె నుంచి వచ్చే రెండు పిన్నులలో ఎరుపు కుడికి, తెలుపు ఎడమకు. వాటిని యాంప్లిఫయరు వెనక ‘ఆక్స్’ అని గానీ, ‘సీడీ’ అని గానీ రాసిన చోట పెట్టండి. ‘టేప్’ అయితే ‘ప్లే’ అని ఉన్న జతలో. ‘ఫోనో’ అని ఉన్నచోట మాత్రం పెట్టకండి! అది గ్రామఫోను ముల్లు కోసం పెట్టింది. ముల్లు నుంచి వచ్చే కరెంటు వోల్టులో వెయ్యో వంతుల లెక్కన ఉంటుంది. ఈ పెట్టె నుంచి వచ్చేది రెండు వోల్టుల దాకా ఉంటుంది. చెంచాడు పట్టే గిన్నెలో బిందెడు నీళ్ళు పోసినట్టవుతుంది. పాట బద్దలై గరగరలాడుతుంది. పాత సెట్లు కొన్నింటికి అయిదు చిల్లుల గుండ్రటి సాకెట్టు ఉంటుంది. దానికి సరిపడే మారుపిన్ను రేడియో సామాను అమ్మే చోట అడగండి.

అన్నీ కలిపి టీవీ పెట్టారు. బొమ్మ వస్తున్నది, స్టీరియోలో చప్పుడు లేదు! నూటికి తొంభైమంది ఇక్కడే మెకానిక్కుకు ఫోను చేస్తారు. చెయ్యకండి. రిమోటుతో టీవీ సెట్టింగుల్లోకి వెళ్ళి, సౌండ్ కింద ‘డిజిటల్ ఔట్‌పుట్’ అన్నచోట ‘పీసీఎం’ అని మార్చండి. టీవీలు సినిమాహాలు తరహా డాల్బీ పద్ధతిలో మూటకట్టి పంపుతూ ఉంటాయి. మన చిన్న పెట్టెకు ఆ మూట విప్పడం రాదు. పీసీఎం అంటే విడిగా, వరసగా పెట్టిన చుక్కలు. సెట్-టాప్ బాక్సులోనూ ఇదే మార్పు చెయ్యవలసి రావచ్చు.

పాట వస్తూ వెనకాల ‘హుమ్మ్’మని మోత వస్తే, ఎక్కడో ఎర్తు తీగల దగ్గర పేచీ ఉన్నదన్నమాట. టీవీని ఆప్టికల్ తీగతో కలిపితే చాలాసార్లు ఆ మోత పోతుంది. వెలుతురులో కరెంటు పారదు కదా. బ్లూటూత్‌తో వచ్చే చిక్కు వేరు. మధ్యమావతి ఆలాపన నడుస్తుండగా పాలవాడు పంపిన మెసేజీ ‘టింగ్’మని రెండు పెద్ద స్పీకర్లలోనూ మోగుతుంది. పాట వినే సేపు ఆ గంటలు ఆపుకోవాలి.

ఇన్నీ ఎందుకు మనం నేర్చుకోవాలీ, అబ్బాయి చూసుకుంటాడుగా అనవచ్చు. ఆ అబ్బాయి తొమ్మిదింటికిగాని లేవడు. అత్తగారికి భక్తిగీతాలు కావలసింది తెల్లవారుజామున. ఇప్పుడు ఆకాశవాణి విజయవాడ కేంద్రం కూడా ఫోనులో వినవచ్చును. ఫోను నుంచి స్టీరియోకు పంపితే పాత రోజుల్లోలా ఇల్లంతా నిండుతుంది. మనవడు లేచేదాకా ఆవిడ కూర్చోవలసిన ఖర్మ ఏమిటి? పెట్టె మీద మీట పక్కనే చిన్న కాగితపు ముక్కలు అంటించి ‘టీవీ’, ‘సీడీ’, ‘ఫోను’ అని పెద్ద అక్షరాలతో తెలుగులో రాసిపెట్టండి. మా వీధి ఆవిడ అలాగే చేశారు. వాళ్ళ అత్తగారు కళ్ళజోడు లేకుండానే మారుస్తున్నారు.

ఏళ్ళ తరబడి వాడని యాంప్లిఫయరును ఒకసారి మెకానిక్కుకు చూపించాకే కరెంటు ఇవ్వండి. లోపలి సామాను ఎండిపోయి ఉండవచ్చు. వాడేటప్పుడు ఆ క్రోషియా గుడ్డా, పూలకుండీ తీసెయ్యాలి. పైన ఉన్న చిల్లుల్లోంచే దానికి గాలి ఆడేది. దుమ్ము దులిపేటప్పుడు ఆప్టికల్ తీగను మడత పెట్టకండి, లోపల విరిగితే అతకదు. అన్నిటికంటే ఆఖర్న యాంప్లిఫయరు వెయ్యండి. కట్టేటప్పుడు దాన్నే ముందు కట్టండి. లేకపోతే స్పీకర్లలో ‘ధబ్’మని చప్పుడొచ్చి ఉయ్యాల్లో పాప లేస్తుంది.